కళాశాల గుమ్మంలో మన బిడ్డ: కొనుగోలుదారుడా, శిష్యుడా?

ఇంటర్ ఫలితాలు వచ్చీ రాగానే పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ఊళ్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. ర్యాంకర్ల ఫొటోలు, ప్యాకేజీల అంకెలు, ఏసీ బస్సులు, హాస్టలు భోజనం. ఆ వారమే ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. మన నంబరు వాళ్లకెలా దొరికిందో తెలియదు గాని, “మీ పాపకు సీటు పెట్టి ఉంచాం, ఈ రోజే వచ్చి కడితే ఫీజులో తగ్గింపు” అని మర్యాదగానే చెబుతారు. బెంగళూరు, కోలారు వైపు నుంచీ, చిత్తూరు, తిరుపతి వైపు నుంచీ పీఆర్వోలు దిగుతారు. కొన్నిచోట్ల ఆదివారం ఆరాధన ముగిసే వేళకు చర్చి గేటు దగ్గరే కరపత్రాలు పట్టుకుని నిలబడతారు. తల్లిదండ్రులు ఆ కాగితం తెచ్చి పాస్టరుగారి చేతిలో పెట్టి అడుగుతారు: “అయ్యగారూ, మా బిడ్డను ఏ కాలేజీలో వేస్తే మంచిది?”

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నేడు ఎవరికీ తేలిక కాదు. ఎందుకంటే దాని వెనుక ఇంకో ప్రశ్న దాగి ఉంది. మన బిడ్డ ఆ గుమ్మంలో అడుగుపెడుతున్నది నేర్చుకోవడానికా, కొనుక్కోవడానికా?

మదనపల్లె టమాటా మార్కెట్ మన ప్రాంతంలో అందరికీ తెలిసినదే. అక్కడ రైతు నష్టపోయే రోజులు ఎన్నో ఉంటాయి. అయినా సరుకు అందరి కళ్లముందు ఉంటుంది, పాట అందరి చెవిన పడుతుంది, ఇవాళ పెట్టె ఎంత పలికిందో సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. కళాశాల సీటు సంగతి అలా కాదు. సరుకు నాలుగేళ్ల తర్వాత గాని కంటికి కనబడదు. ధర ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ట్యూషన్ ఫీజు వేరు, బస్సు వేరు, ల్యాబు వేరు, శిక్షణ వేరు. నచ్చకపోతే తిరిగి ఇచ్చే వీలు లేదు. పోయిన ఏడాది తిరిగి రాదు. విద్యను సంత అని పిలిచేవారు కూడా ఒక సంగతి ఒప్పుకోవాలి. సంతకు ఉండే కనీసపు కట్టుబాటు కూడా ఇక్కడ లేదు.

చట్టం ఏమంటోంది?

డబ్బు తీసుకుని వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే రోగి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కాని కళాశాల విషయంలో అదే కోర్టు వేరే దారి పట్టింది. విద్యార్థి వినియోగదారుడు కాడనీ, విశ్వవిద్యాలయం సేవను అమ్మే సంస్థ కాదనీ 2010లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో చెప్పింది. 2012లో పి.టి. కోషీ కేసులో విద్య సరుకు కాదని మళ్లీ అన్నది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ ఆ మాటనే విస్తరించింది. కోచింగ్ సెంటర్లు మాత్రం ఈ మినహాయింపులోకి రావనీ, వాటిపై ఫిర్యాదు చేయవచ్చనీ స్పష్టం చేసింది. దాని మీద అప్పీలును అదే ఏడాది సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.

విద్య సరుకు కాదన్న మాట వినడానికి ఎంతో బాగుంది. క్రైస్తవులుగా మేమూ ఆ మాటనే నమ్ముతాం. కాని ఆ మాట కోర్టులో పలికినంత మాత్రాన కళాశాల కార్యాలయంలో ఆచరణలోకి రాలేదు. అక్కడ బిల్లు వేసే పద్ధతి సరుకుదే. ప్రకటన సరుకుదే. తగ్గింపు, కమిషన్ అన్నీ సరుకువే. చివరికి అన్యాయం జరిగిందని విద్యార్థి నోరు తెరిచినప్పుడు మాత్రం “నువ్వు వినియోగదారుడివి కాదు” అన్న సమాధానం వస్తుంది. కొనేవాడి భారం అంతా అతని మీద ఉంది, కొనేవాడి హక్కు లేదు. శిష్యుడన్న పేరు ఉంది, శిష్యుడికి దక్కవలసిన గురువు లేడు. మా దృష్టిలో నేటి ఉన్నత విద్యలోని అసలు అన్యాయం ఇదే.

ఇక్కడి దాకా ఎలా వచ్చాం?

ఇది ఒక్క రోజులో జరగలేదు. 1983లోనే మన రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. అంటే జబ్బు అప్పటికే ముదిరిందన్నమాట. 1993లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు విద్యను వ్యాపారంగా నడపడానికి వీల్లేదని చెప్పి, ప్రైవేటు కళాశాలల్లో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అనే ఏర్పాటు చేసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఏర్పాటును పక్కనపెట్టింది. విద్యాసంస్థ నడపడం కూడా ఒక వృత్తే, సంస్థ అభివృద్ధికి తగినంత మిగులు ఉండవచ్చు, లాభాపేక్ష మాత్రం కూడదు అంది. మిగులుకూ లాభానికీ మధ్య ఉన్న ఆ సన్నని గీత మీదే ఇరవై ఏళ్లకు పైగా మన ఇంజినీరింగు, వైద్య కళాశాలలు నడుస్తున్నాయి.

ఆ గీత ఎంత సులభంగా చెరిగిపోతుందో మన రాష్ట్రమే చూసింది. 2017 సెప్టెంబరులో ప్రైవేటు వైద్య కళాశాలల ట్యూషన్ ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచుతూ ప్రభుత్వం జీవో ఇచ్చింది. అంతకు ముందున్న ఫీజుకు అది ఏడు రెట్లు. హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టి, విద్య లాభాలు గడించే వ్యాపారం కాదనీ, ఫీజు ఎప్పుడూ భరించగలిగేలా ఉండాలనీ గుర్తుచేసింది. పిల్లలు అయిదేళ్లు చదివేలోగా వచ్చే తీర్పు ఇల్లు తాకట్టుపెట్టిన తండ్రికి ఎంతవరకు ఊరట ఇస్తుందో ఆలోచించండి.

పేదలకు మరో దారి దొరికింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల కూలివాళ్ల పిల్లలు, దళితవాడల పిల్లలు ఇంజినీర్లయ్యారు. మన సంఘాల్లో ఆ సాక్ష్యాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడడం కృతఘ్నత అవుతుంది. కాని ఆ పథకం ఒక కొత్త లెక్కను కూడా తెచ్చింది. చదివేది విద్యార్థి, డబ్బు కట్టేది ప్రభుత్వం, తీసుకునేది కళాశాల. ఎంతమంది పిల్లలు చేరితే అంత మొత్తం. పిల్లవాడు తలకు ఇంత అని లెక్కగట్టే చీటీ అయిపోయాడు. ఆ చీటీల కోసమే పీఆర్వోలు ఊళ్ల మీద పడుతున్నారు.

ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలన్న దాని మీద ప్రభుత్వాలు అటూ ఇటూ తిరిగాయి. 2021 నుంచి విద్యా దీవెన పేరుతో తల్లుల ఖాతాల్లో వేశారు. తల్లే ఫీజు కడుతుంది గనుక ఆమె కళాశాలను నిలదీయగలదన్నది అప్పటి వాదన. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలలకే చెల్లించాలని నిర్ణయించారు. తల్లి చేతిలో పడిన డబ్బు కళాశాలకు చేరడం లేదన్నది ఇటువైపు వాదన. రెండు వాదనల్లోనూ కొంత నిజం ఉంది. కాని ఏ ప్రభుత్వం ఉన్నా బకాయి మాత్రం పేరుకుంటూనే ఉంది. బకాయి పడేది ప్రభుత్వం, పరీక్ష రోజున గేటు దగ్గర ఆపేది పిల్లవాణ్ణి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు ఆగిపోయేదీ అతనివే. ఉద్యోగానికి పిలుపు వచ్చి, ఒరిజినల్స్ లేక వెనక్కి తిరిగిన యవ్వనస్థులు మన మధ్యే ఉన్నారు. ఎవరో చెల్లించని అప్పుకు వారిని జామీను పెట్టినట్టుంది.

చర్చిల యాజమాన్యంలోని కళాశాలలకూ ఈ ఒత్తిడి తప్పలేదు. 2021లో ఎయిడెడ్ విద్యాసంస్థలు తమ ఎయిడెడ్ సిబ్బందిని, లేదా ఆస్తులతో సహా సంస్థనే ప్రభుత్వానికి అప్పగించాలని, లేకుంటే పూర్తి ప్రైవేటుగా నడుచుకోవాలని ఒత్తిడి వచ్చినప్పుడు విద్యార్థులు, తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ఎయిడ్ పోతే ఫీజు పెరుగుతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఇష్టంలేని సంస్థలు సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చంది. కొద్ది ఫీజుతో డిగ్రీ చదువు చెప్పిన పాత కళాశాలల విలువ ఆ రోజుల్లో మళ్లీ గుర్తుకొచ్చింది.

మన కొండల మధ్య మరో జ్ఞాపకం

మన ప్రాంతానికి ఈ విషయంలో మంచి జ్ఞాపకాలే ఉన్నాయి. మదనపల్లెలో 1915లో అనీబిసెంట్ స్థాపించిన కళాశాల మన విశ్వాసానికి చెందినది కాదు. అయినా ఆ సంస్థ ఒక ఆదర్శం కోసం పుట్టిందన్నది కాదనలేం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడే విశ్రాంతి తీసుకుంటూ జనగణమనకు ఇంగ్లిషు అనువాదం రాశారు. అదే ఊళ్లో ఆర్కాటు మిషన్ స్త్రీల కోసం ఆసుపత్రి నడిపింది. పక్కనే ఆరోగ్యవరంలో మిషన్లన్నీ కలిసి క్షయరోగుల కోసం శానిటోరియం నిలిపాయి.

ఘాటు దిగితే వేలూరు. ఐడా స్కడర్ 1900లో చిన్న క్లినిక్‌తో మొదలుపెట్టిన పని 1918లో స్త్రీల వైద్య పాఠశాల అయింది. నేటి క్రైస్తవ వైద్య కళాశాల అదే. అక్కడి ఏర్పాటును ఒక్కసారి గమనించండి. సంఘాలు, మిషన్లు విద్యార్థిని పంపుతాయి. అతను నామమాత్రపు ఫీజుతో చదువుతాడు. చదువయ్యాక పంపిన సంఘం చూపిన చోట, వైద్యులు వెళ్లని పల్లె ఆసుపత్రిలో, రెండేళ్లు పనిచేస్తాడు. ఇక్కడ కూడా బాకీ ఉంది. కాని అది వడ్డీతో కట్టే బాకీ కాదు, రోగుల దగ్గర తీర్చుకునే బాకీ. ఈ ఎంపిక పద్ధతిని కాపాడుకోవడానికి ఆ కళాశాల 2017లో ఎంబీబీఎస్‌కు ఒకే ఒక్క విద్యార్థిని చేర్చుకుని, మిగతా 99 సీట్లు ఖాళీగా వదిలేసింది. 2020లో సుప్రీంకోర్టు నీట్ అందరికీ వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు బాగోగులు వేరే చర్చ. కోట్లు పలికే సీట్లను ఒక సంస్థ తన ఉద్దేశం కోసం ఖాళీగా ఉంచగలిగిందన్నది మాత్రం మరచిపోకూడదు.

కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా ఇలాంటి జ్ఞాపకమే. తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోట దక్షిణాది భాషల్ని పక్కపక్కన చదవాలని దాన్ని పెట్టారు. ఆ చదువుకు ఏ ప్యాకేజీ ప్రకటన ఉంటుంది? సంత లెక్కలో చూస్తే భాష, చరిత్ర, జానపద విజ్ఞానం నష్టపు సరుకులే. అయినా రేపు మన పిల్లలకు బైబిలును మంచి తెలుగులో వివరించేవారు, మన ఊళ్ల చరిత్ర రాసేవారు, కోర్టులో పేదవాడి భాషలో వాదించేవారు ఆ చదువుల నుంచే రావాలి. అందరూ కంప్యూటర్ సైన్సు క్యూలో నిలబడితే ఈ పనులు ఎవరు చేస్తారు?

నష్టం ఎక్కడ జరుగుతోంది?

సంత పద్ధతి జేబునే కాదు, మనసును కూడా మారుస్తుంది. ఫీజు కట్టాం గనుక డిగ్రీ మాకు రావలసిందే అన్న ధోరణి పిల్లల్లో పెరుగుతోంది. రికార్డులు డబ్బిచ్చి రాయించుకుంటారు. చివరి ఏడాది ప్రాజెక్టును హైదరాబాదులోనో బెంగళూరులోనో తయారుగా కొని తెచ్చుకుంటారు. అడిగితే, అందరూ అంతే కదా అంటారు. అటు అధ్యాపకుడికి జీతం నెలల తరబడి రాదు. వచ్చే ఏడాది అడ్మిషన్లు తెస్తేనే ఉద్యోగం నిలుస్తుందని అతణ్ణీ ఊళ్ల మీదికి తోలుతారు. గురువు అమ్మకందారుడైనప్పుడు, శిష్యుడు కొనుగోలుదారుడు కాక ఇంకేమవుతాడు?

నాణ్యతకు ముద్ర వేసే వ్యవస్థ కూడా ఈ తెగులు నుంచి తప్పించుకోలేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు నాక్ పెద్ద గ్రేడు ఇప్పించడానికి లంచం చేతులు మారిందన్న ఆరోపణపై సీబీఐ తనిఖీ బృందం వారిని సహా పదిమందిని అరెస్టు చేసింది. నేరం రుజువు కావడం కోర్టు పని. కాని ఫ్లెక్సీ మీద గ్రేడు చూసి అప్పు చేసే తల్లిదండ్రులకు ఇది హెచ్చరికే.

సముద్రం దాటినా ఇదే కథ. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ అనే విశ్వవిద్యాలయం పేరు విన్నాం. తరగతులే లేని ఆ సంస్థను అక్కడి అధికారులు వలగా పెట్టి నడిపారు. అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో మన తెలుగు పిల్లలు ఎందరో. వల పన్నడం తప్పని మేమూ అంటాం. అయితే చదువు లేకపోయినా వీసా నిలిస్తే చాలనుకుని ఫీజు కట్టే స్థితికి మన పిల్లలు ఎలా వచ్చారన్నది మన ప్రశ్న.

బ్రిటన్ ఈ దారిలో మనకంటే ముందు నడిచింది. 1998లో ఏడాదికి 1,000 పౌండ్లతో మొదలైన ఫీజు 2012 నాటికి 9,000 పౌండ్లయింది. 2015 నాటికి విద్యార్థికి వినియోగదారుల చట్టాల రక్షణ ఉందని అక్కడి నియంత్రణ సంస్థ విశ్వవిద్యాలయాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ధర పెంచినవారు కనీసం హక్కునూ ఒప్పుకున్నారు. జర్మనీ వేరే మార్గం ఎంచుకుని, 2014 నాటికి రాష్ట్రాలన్నిటా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. మనం మాత్రం ధరను ఒక దేశం నుంచి, మాటను మరో దేశం నుంచి తెచ్చుకున్నట్టున్నాం.

సంఘం చేయగలిగింది

విద్యార్థిని వినియోగదారుడని పిలవడం మాకు ఇష్టం లేదు. సత్యాన్ని సంపాదించుకొమ్మని, దాన్ని అమ్ముకోవద్దని సామెతల గ్రంథం బోధిస్తుంది. దేవుని వరాన్ని ద్రవ్యమిచ్చి కొనాలనుకున్న గారడీవాడైన సీమోనును పేతురు గద్దించిన సంగతి అపొస్తలుల కార్యములలో చదువుతాం. కాని అన్యాయం జరిగినప్పుడు అడిగే హక్కు కావాలంటే, అది విద్యను సరుకు చేయడం కాదు. కూలివాని జీతం బిగబట్టడం పాపమని చెప్పే లేఖనం, బిడ్డ సర్టిఫికెట్లు బిగబట్టడాన్ని ఒప్పుకోదు.

ఇప్పటికే ఉన్న హక్కులు చాలామందికి తెలియవు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తనిఖీ చేసి వెంటనే తిరిగి ఇవ్వాలి, కళాశాల దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అదే ఉత్తర్వు ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే, కొద్దిపాటి ఖర్చు మినహా ఫీజంతా తిరిగి రావాలి. 15 రోజుల కంటే తక్కువ వ్యవధి ఉంటే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం ఇవ్వాలి. ఆ తర్వాత ఏమీ రాదు. 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన విశ్వవిద్యాలయ స్థాయిలో అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోటిమాటకు విలువ లేదు.

సంఘాలకు మా విన్నపాలు కొన్ని ఉన్నాయి. ఫలితాల తర్వాత వచ్చే రెండు మూడు ఆదివారాలు, ఆరాధన అయ్యాక ఒక బల్ల వేయండి. సంఘంలోని ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగి, న్యాయవాది, ఇటీవలే చదువు ముగించిన అన్నలు, అక్కలు అక్కడ కూర్చోవాలి. కన్వీనర్ కోటా 70 శాతం సీట్లకూ, యాజమాన్య కోటా 30 శాతం సీట్లకూ తేడా ఏమిటో, ఏ అప్పుకు ఎంత వడ్డీ పడుతుందో, ఆ కళాశాలలో నిజంగా పాఠం చెప్పేవారు ఉన్నారో లేదో వారు చెప్పగలరు. కళాశాల ఇచ్చే కరపత్రం కంటే అక్కడే చదివిన మన సంఘపు పిల్లవాడి మాట నమ్మదగినది. చర్చి గేటు దగ్గర కమిషన్ కోసం కరపత్రాలు పంచేవారికి మర్యాదగానే వద్దని చెప్పండి.

రెండోది మన నోటి మాట. ర్యాంకు వచ్చిన బిడ్డను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. బీఏ తెలుగులో చేరిన అమ్మాయిని, నర్సింగుకు వెళ్లిన అబ్బాయిని, ఫెయిలై మళ్లీ రాస్తున్నవాణ్ణి ఎప్పుడైనా పిలిచామా? యాజమాన్య సీటు దొరికితే దేవుని కృప అంటాం. ఆ కృపకు ఎన్ని ఎకరాలు పోయాయో అడగం. సంత భాష బయటినుంచి వచ్చిందని నిందించేముందు, అది మన సాక్ష్యాల్లోకి ఎప్పుడు వచ్చిందో చూసుకోవాలి.

మూడోది చెప్పడానికి మాకూ కష్టంగానే ఉంది. క్రైస్తవ నామం ధరించిన సంస్థలు కొన్ని డొనేషన్ల విషయంలో ఇతరులకు తీసిపోవడం లేదు. అల్పసంఖ్యాక హక్కు పేదబిడ్డ కోసం రాజ్యాంగం ఇచ్చిన రక్షణ. దాన్ని సీట్లు అమ్ముకునే అనుమతిగా వాడితే, ఆ హక్కు కోసం రేపు మనం ఏ ముఖంతో అడుగుతాం? మన సంస్థలు తమ ఫీజుల పట్టికను, రాయితీ పొందిన పిల్లల సంఖ్యను, లెక్కలను సంఘాల ముందు పెట్టాలి. దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు ప్రభువు పడద్రోసినప్పుడు ఆయన మొదట శుద్ధి చేసింది తన తండ్రి ఇంటినే.

చివరగా, చదువుకుంటున్న యవ్వనస్థులతో ఒక మాట. మీ నాయన అప్పు కట్టింది కాగితం కోసం కాదు. మీరు రికార్డు కొన్న రోజున ఆయన చెమటను చవగ్గా అమ్మినట్టే. పాఠం చెప్పని కళాశాలను పాఠం చెప్పమని అడగండి. జీతం రాని అధ్యాపకుడి తరఫున కూడా అడగండి. హక్కు అడిగేవాడికి నేర్చుకునే బాధ్యత కూడా ఉంటుంది.

వచ్చే ఆదివారం కూడా ఒక తల్లి కరపత్రం పట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వస్తుంది. ఏ కాలేజీ మంచిదని అడుగుతుంది. వెంటనే పేరు చెప్పకండి. ముందు ఆమెను కూర్చోబెట్టి, బిడ్డను పక్కకు పిలిచి, “నువ్వు ఏం నేర్చుకోవాలనుకుంటున్నావు?” అని అడగండి. ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఆ బిడ్డను ఎవరూ అడిగి ఉండరు.